బ్రెడ్ పొడి లేకపోతే కట్లెట్ ఆగిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ఇంట్లో ఒకరికి గోధుమ పడదని తేలింది, లేదా ఎవరో ధాన్యాలన్నీ మానేసే పేలియో అనే తిండి పద్ధతి మొదలుపెట్టారు. మిగతా వంటంతా ఎలాగోలా సర్దుకున్నారు గానీ బ్రెడ్ పొడి దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మా అమ్మాయికి సీలియాక్ (గోధుమ లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) అని నెల క్రితం తేలింది. బ్రెడ్ పొడికి బదులు బాదం పిండి వాడమని ఒకరు, కొబ్బరి పిండి అని ఒకరు, ఓట్స్ అని ఇంకొకరు చెప్పారు. మూడూ ప్రయత్నించాను మేడమ్. ఒకసారి కట్లెట్ నూనెలో విడిపోయింది, ఒకసారి గట్టిగా రాయిలా వచ్చింది. అసలు దేనికి ఏది వాడాలి?

జవాబు: మీ తప్పేం లేదమ్మా. ఆ సలహా ఇచ్చినవాళ్ళు మిమ్మల్ని అడగాల్సిన మాట ఒకటుంది, అది అడగలేదు: పొడిని లోపల కలుపుతున్నారా, పైన అద్దుతున్నారా? కట్లెట్‌లో బ్రెడ్ పొడి రెండుచోట్లా ఉంటుంది గానీ లోపల చేసే పని వేరు, పైన చేసే పని వేరు. లోపలిది తడి పీల్చుకుని ముద్దను పట్టి ఉంచుతుంది. ఖీమా అయితే ఇంకో మేలు కూడా ఉంది. వేడి తగలగానే మాంసంలోని ప్రొటీన్లు ముడుచుకుంటాయి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టేసుకుని ఉన్న నీరంతా బయటికి పిండేస్తాయి, మధ్యలో పాలలో నానిన బ్రెడ్ అడ్డంగా ఉంటే ఆ పట్టు అంత బిగుసుకోదు, కారిన రసాన్ని కూడా బ్రెడ్‌లోని స్టార్చ్ తాగేస్తుంది. అందుకే అది మెత్తగా ఉంటుంది. పైన అద్దినది మాత్రం దీనికి పూర్తిగా తిరగేసిన పని చేస్తుంది, తనలోని తడి పోగొట్టుకుని, ఎర్రగా వేగి, కరకరలాడాలి. ఒక్క బ్రెడ్ ముక్క రెండూ చేసేస్తుంది కాబట్టి మనకు ఇన్నాళ్ళూ తేడా తెలియలేదు. ఇప్పుడు రెండు పనులకు ఇద్దర్ని పెట్టుకోవాలి.

మీకు రాయిలా వచ్చింది కొబ్బరి పిండితోనే అయి ఉంటుంది. నాకూ మొదటిసారి అదే జరిగింది. అరకప్పు బ్రెడ్ పొడి పడే చోట అరకప్పు కొబ్బరి పిండి పోసి, కలుపుతుంటే ఇంకా పొడిపొడిగానే ఉందేంటని నీళ్ళు పోస్తూ పోయాను, చివరికి పళ్ళెంలోకి వచ్చినవి ఎండిన మట్టిబెడ్డలు. నూనె, పాలు తీసేసిన కొబ్బరిని ఎండబెట్టి విసిరిన పిండి అది. బరువులో మూడో వంతుకు పైగా పీచే. అంత పీచు ఉన్నది నీళ్ళు తాగకుండా ఎలా ఉంటుంది? అరకిలో ఖీమాకు రెండు టేబుల్ స్పూన్లు చాలు, దానికి ఒక గుడ్డు, రెండు స్పూన్ల నీళ్ళో కొబ్బరిపాలో పోసి పది నిమిషాలు వదిలేయండి. కలిపిన వెంటనే చూసి పల్చగా ఉందని ఇంకో స్పూను వేశారో, మళ్ళీ బెడ్డలే.

విడిపోయింది బాదం పిండితో అనుకుంటున్నాను. అరకిలోకు అరకప్పు, అంటే బ్రెడ్ పొడికి సమానంగానే వేసుకోవచ్చు, మెత్తదనమూ బాగుంటుంది. కానీ దాంట్లో సగం నూనే, స్టార్చ్ దాదాపు లేదు, అంచేత బ్రెడ్‌లా నీళ్ళు తాగి జిగురుగా మారదు. పక్కన ఒక టేబుల్ స్పూను సగ్గుబియ్యం పిండి గానీ ఆరోరూట్ అనే దుంప పిండి గానీ పడితే ఆ లోటు తీరిపోతుంది. గుడ్డు మానకండి.

నన్నడిగితే ఖీమాలోకి వీటన్నిటికన్నా పుట్టగొడుగులు మేలు. సన్నగా తరిగి, బాణలిలో వాటి నీళ్ళు వాటికే ఇంకిపోయి అడుగున చిటపట మొదలయ్యేదాకా వేయించి, చల్లార్చి కలపండి. తడిని పట్టుకుంటుంది, రుచి మాంసంలో కలిసిపోతుంది, పిల్లలకు అందులో ఏం పడిందో కూడా తెలియదు. కాలీఫ్లవర్ తురుము, సొరకాయ తురుము కూడా వాడతారు, కాకపోతే ఉప్పు చల్లి పావుగంట ఉంచి, గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. ఇక చాలు అనిపించాక ఇంకోసారి పిండండి.

ప్రశ్న: కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నవే కదా, నలిపి అద్దేస్తే అయిపోదా? రవ్వ కూడా వాడొచ్చా?

జవాబు: రవ్వ వద్దే వద్దు, బొంబాయి రవ్వ అంటే గోధుమే. పేరులో గోధుమ లేదని చాలామంది మోసపోతారు. గ్లూటెన్ ఉండేది గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో, గోధుమ అంటే అందులో మైదా, రవ్వ, స్పెల్ట్ అనే పాతరకం గోధుమ అన్నీ వచ్చేస్తాయి. పాంకో అని తెల్లగా రేకుల్లా వచ్చే జపాన్ రకం పొడి ఉంది చూశారా, అది కూడా బ్రెడ్డే, అంచు రాకుండా కరెంటు పంపి కాలుస్తారు, అంతే తేడా.

కార్న్‌ఫ్లేక్స్ సంగతి ఇంకా తిరకాసు. మొక్కజొన్నలో గ్లూటెన్ లేదు, నిజమే. కానీ చాలా కంపెనీలు రుచి కోసం మాల్ట్ వేస్తాయి, మాల్ట్ అంటే మొలకెత్తిన బార్లీ. డబ్బా వెనక్కి తిప్పి చదవండి, మాల్ట్ అన్న మాట కనిపిస్తే మళ్ళీ షెల్ఫ్‌లో పెట్టేయండి. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ ఉండదు గానీ పొలంలో, లారీలో, మిల్లులో గోధుమతో కలిసే తిరుగుతాయి, అందుకని గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర ఉన్నవే కొనాలి. ఆ ముద్రకు ఒక లెక్క ఉంది: కిలోకు 20 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ గ్లూటెన్ ఉండకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం. శుభ్రమైన ఓట్స్ కూడా పడనివాళ్ళు కొద్దిమంది ఉంటారు కాబట్టి సీలియాక్ ఉన్న పిల్లలకు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

ప్రశ్న: నాకు గోధుమ పడదు, మావారు పేలియోలో ఉన్నారు. రెండూ ఒకటే కదా అని బియ్యప్పిండి అద్ది చేప వేయిస్తే ఆయన ముట్టుకోలేదు. ఇద్దరికీ ఒకే బాణలి కుదరదా?

జవాబు: ఒకటే కాదండీ, ఆయన అలిగింది తన నియమం ప్రకారమే. గ్లూటెన్ ఫ్రీ అంటే మూడు ధాన్యాలను తప్పించడం. పేలియో అంటే వ్యవసాయం రాకముందు మనుషులు తిన్నట్టు తినాలన్న పద్ధతి, కాబట్టి ధాన్యాలన్నీ పోతాయి, వాటితో పాటు పప్పులు, పాల పదార్థాలు కూడా. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, ఓట్స్, శనగపిండి మీకు పనికొస్తాయి, ఆయనకు రావు. కరకరలాడాలని చీజ్ తురుము అద్దుతుంటారు కొందరు, అది కూడా మీకే. వేరుశనగ విషయంలో గొడవ ఎక్కువ జరుగుతుంది, అది పప్పుజాతి కాబట్టి పేలియోలో లేదు, బాదం, జీడిపప్పు, వాల్‌నట్ ఉన్నాయి.

పేలియోలో ఉన్నది ఏదైనా మామూలుగా మీకూ పనికొస్తుంది, ఎందుకంటే అందులో ధాన్యమే లేదు. అంటే ఆయన వైపు నుంచి వండితే బాణలి ఒక్కటే చాలు. బాదం, కొబ్బరి, నువ్వులు, గుమ్మడి గింజలు, అవిసె, ఆరోరూట్, కర్రపెండలం పిండి, అన్నీ ఇద్దరికీ కుదురుతాయి. కర్రపెండలం, సగ్గుబియ్యం లాంటి స్టార్చ్‌ల మీద పేలియోవాళ్ళలో వాళ్ళకే ఏకాభిప్రాయం లేదు, దుంప కాబట్టి సరే అంటారు చాలామంది. ఆ తగువు మాత్రం మీరు తీర్చకండి, ఆయన్నే తేల్చుకోమనండి. ఇంకో మాట, ప్యాకెట్ మీద పేలియో అని రాసి ఉంటే చాలు అనుకోకండి, ఆ పిండి పట్టిన మిల్లులో గోధుమ కూడా పట్టి ఉండొచ్చు, మీకు కావలసింది గ్లూటెన్ ఫ్రీ ముద్ర.

ప్రశ్న: చికెన్ నగ్గెట్స్‌కి బాదం పొడి అద్దితే పైన నల్లగా మాడుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. సగం పొడి నూనెలోనే రాలిపోతోంది. విసుగొచ్చేసింది.

జవాబు: రెండు వేర్వేరు రోగాలు, విడివిడిగా చూద్దాం.

మాడటం ముందు. బ్రెడ్ పొడిని 175, 180 డిగ్రీల నూనెలో వేయించడం మన చేతికి అలవాటు. బాదంలో నూనె, ప్రొటీన్, కాస్త చక్కెర అన్నీ ఉంటాయి, ఆ వేడికి బ్రెడ్ కన్నా ముందే రంగు తిరిగిపోతుంది, ఎండుకొబ్బరి కోరు అయితే ఇంకా తొందర. నూనె 160, 165 దగ్గర పెట్టండి, థర్మామీటర్ లేకపోతే చిటికెడు పొడి వేసి చూడండి, భగ్గున పొంగి ఎర్రబడిందంటే మంట ఎక్కువైనట్టు, నెమ్మదిగా బుడగలు కడుతూ తేలితే సరిగ్గా ఉన్నట్టు. దాంతో పాటు ముక్క సన్నబడాలి. ఒకటిన్నర సెంటీమీటర్ల కన్నా మందం ఉంటే పైపొర ఎర్రబడే టైముకి లోపల ఉడకదు. చికెన్ లోపల 74 డిగ్రీలు తాకాలి. నాకైతే నగ్గెట్స్‌కి ఓవెనే నయం అనిపిస్తుంది, 200 డిగ్రీల్లో జాలీ మీద పెట్టి, పైన కాస్త నూనె రాసి 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. జాలీ లేకుండా నేరుగా ట్రే మీద పెడితే అడుగు తడిసి మెత్తబడిపోతుంది.

ఇక రాలడం. మీరు చికెన్‌ని కడిగి నీళ్ళు ఓడ్చి నేరుగా గుడ్డులో ముంచుతున్నారు, అవునా? తడి ముక్క మీద గుడ్డు నిలవదు, జారుతుంది, ఆ జారే గుడ్డు మీద అద్దిన పొడి నూనెలో పడగానే లోపలి తడి ఆవిరై తోసేస్తుంది. టిష్యూతో ముక్కను గట్టిగా అద్దండి, వేలితో తాకితే తడి తగలకూడదు. తర్వాత మూడు పళ్ళాలు. మొదటి దాంట్లో సగ్గుబియ్యం పిండో ఆరోరూటో, అందులో దొర్లించి దులిపేయాలి, పల్చని పొడి మంచు కప్పినట్టు కనిపిస్తే చాలు, ఎక్కువైతే అదే గుజ్జుగా మారి పొర ఊడుతుంది. రెండో దాంట్లో గిలక్కొట్టిన గుడ్డు, ఉప్పు. మూడో దాంట్లో పొడి. ఇక్కడ మెత్తటి బాదం పిండి వద్దు, బాదంపప్పును మిక్సీలో బరకగా కొట్టండి. ఆపి ఆపి కొట్టాలి, ఆపకుండా తిప్పితే నూనె వదిలి బాదం ముద్ద అయి కూర్చుంటుంది, ముందు ఓ అరగంట పప్పును ఫ్రీజర్‌లో ఉంచితే ఆ బాధ తగ్గుతుంది. ఆ బరక పొడిలో మూడో వంతు తీపి కలపని కొబ్బరి కోరు, ఒకట్రెండు స్పూన్ల నువ్వులు, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, కారం. అద్దేటప్పుడు ఒక చెయ్యి తడికి, ఇంకో చెయ్యి పొడికి, లేకపోతే మీ వేళ్ళే నగ్గెట్స్ అవుతాయి. అరచేత్తో నొక్కి అద్దండి.

అద్దిన వెంటనే వేయించకండి. పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో 15, 20 నిమిషాలు ఉంచితే పొడి, గుడ్డు, స్టార్చ్ ఒకదానికొకటి అంటుకుంటాయి. నూనెలో వేశాక అడుగు గట్టిపడేదాకా కదపకండి, అట్లకాడ పెట్టగానే దానంతటదే లేవాలి, పీకాల్సి వచ్చిందంటే ఇంకా టైం కాలేదన్నమాట.

ప్రశ్న: మా బాబుకి బాదం, జీడిపప్పు పడవు, గ్లూటెన్ కూడా మానిపించాం. పొద్దుతిరుగుడు పప్పు పొడి కొట్టి కూరగాయల కట్లెట్‌లో కలిపాను. కాసేపటికి కోసి చూస్తే లోపలంతా ఆకుపచ్చగా ఉంది! పాడైపోయిందని పారేశాను. కారణం ఏంటి?

జవాబు: అయ్యో, పారేయనక్కర్లేదు. కట్లెట్ గుల్లగా రావాలని చిటికెడు వంటసోడా వేశారు కదూ? పొద్దుతిరుగుడు పప్పులో క్లోరోజెనిక్ యాసిడ్ ఉంటుంది, అది సోడా లాంటి క్షారంతో కలిస్తే పచ్చరంగు తిరుగుతుంది, చల్లారాక మరీ ఎక్కువగా కనిపిస్తుంది. బూజూ కాదు, విషమూ కాదు. సోడా మానేసి కాస్త నిమ్మరసం పిండండి, రంగు చాలావరకు రాదు. గుమ్మడి గింజలు కూడా పనికొస్తాయి, అవి ఎలాగూ పచ్చనివే కాబట్టి కంగారు ఉండదు. నువ్వులు మాత్రం ఒక్కసారిగా పెట్టకండి, అవీ అలర్జీ తెచ్చేవే, అమెరికాలో 2023 నుంచి ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో తొమ్మిదోదిగా చేర్చారు. కొబ్బరి సంగతి కూడా మీ డాక్టర్‌నే అడగండి.

ప్రశ్న: గుడ్డు తినం. అప్పుడు?

జవాబు: ఒక టేబుల్ స్పూను అవిసె పొడి, మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు, పది నిమిషాలు. జిగురుగా అవుతుంది, ఒక గుడ్డు స్థానంలో లోపల కలపండి. చియా పొడి కూడా అంతే. పైన అద్దడానికి మాత్రం ఆరోరూట్‌ని నీళ్ళలో జారుగా కలిపి అందులో ముంచడం మేలు, అవిసె జిగురు పైపొరకు అంత రుచిగా ఉండదు. అవిసె గింజలు కొట్టిన పొడి త్వరగా కమురు వాసన వస్తుంది, కావలసినంతే కొట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టండి. బాదం పిండికీ ఇదే మాట.

ప్రశ్న: ఓవెన్‌లో చేసే కూరగాయల వంటకం పైన చల్లడానికి ఏం వాడాలి?

జవాబు: వాల్‌నట్ లేదా బాదం బరకగా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఉప్పు, నిమ్మతొక్క తురుము. చివరి పది నిమిషాల్లో చల్లండి, ముందే వేస్తే మాడుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో అందరూ గోధుమ తింటారు, నాకొక్కదానికే సీలియాక్. వాళ్ళ కట్లెట్లు వేయించిన నూనెలోనే నావి వేయిస్తున్నాను, అంత వేడికి గ్లూటెన్ చచ్చిపోతుందని మా అత్తయ్య అంటారు.

జవాబు: అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పి, అది సూక్ష్మక్రిమి కాదని చెప్పండి. గ్లూటెన్ ప్రొటీన్, వేయిస్తే పోదు. వాళ్ళ కట్లెట్ల నుంచి రాలిన పొడి నూనెలోనే తిరుగుతూ మీదానికి అంటుకుంటుంది. మీకు వేరే నూనె, లేదా కొత్త నూనెలో ముందు మీవి, తర్వాత వాళ్ళవి. జల్లెడ, చెక్క పలక, టోస్టర్ కూడా విడిగా పెట్టుకోండి, వీటి సందుల్లో ఇరుక్కున్నది కడిగినా పోదు. మీ బాదం పిండి డబ్బాలో మైదా పట్టిన స్పూను పెట్టకుండా చూడండి.

ఈ జబ్బుకీ బ్రెడ్‌కీ ఉన్న లింకు తెలిసిన వైనం మీ అత్తయ్యకు చెప్పొచ్చు. విలెమ్ డికే అని నెదర్లాండ్స్‌లో పిల్లల డాక్టర్. గోధుమ మీద ఆయనకు 1930లలోనే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ కరువొచ్చి బ్రెడ్ దొరకలేదు, ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఆయన దగ్గరున్న సీలియాక్ పిల్లలు మాత్రం కోలుకున్నారు. మళ్ళీ బ్రెడ్ రాగానే మళ్ళీ జబ్బు. 1950లో దాన్నే థీసిస్‌గా రాశారు.

ప్రశ్న: నాకూ కడుపుబ్బరం ఉంటోంది, గ్లూటెన్ మానేసి చూద్దామనుకుంటున్నా. ఆ తర్వాత టెస్ట్ చేయించుకుంటా.

జవాబు: తిరగేయండి. ముందు టెస్ట్, తర్వాత మానడం. గ్లూటెన్ మానేశాక రక్తపరీక్షలో జబ్బు ఉన్నా కనిపించకపోవచ్చు.

ప్రశ్న: హాస్టల్ నుంచి గదికి మారాను అక్కా. పేలియో చేస్తున్నా. నా దగ్గర ఖీమా, ఉప్పు, ఉల్లిపాయ, ఒక పెనం, ఇంతే ఉన్నాయి. ఈ బాదాలూ ఆరోరూట్లూ కొనే ఓపిక లేదు.

జవాబు: కొనకు తమ్ముడూ. అసలు ఖీమాకి పొడి కావాలని ఎవరన్నారు? ఉప్పు చాలు. అరకిలో ఖీమా ఫ్రిజ్‌లోంచి తీసినది తీసినట్టే చల్లగా ఉండగా ఒక టీస్పూను ఉప్పు వేసి, వేరే ఏదీ వేయకుండా, చేత్తో రెండు నిమిషాలు పిసుకు. మొదట్లో విడివిడిగా జారుతుంది, ఉప్పుకి మాంసంలోని మయోసిన్ అనే ప్రొటీన్ కరిగి బయటికి వస్తున్నకొద్దీ గిన్నె అంచుకి అంటుకోవడం మొదలవుతుంది, వేళ్ళ మధ్య సన్నటి దారాల్లా సాగుతుంది. చిన్న ముద్ద తీసి అరచేతిలో పెట్టుకుని చెయ్యి బోర్లా తిప్పు, కింద పడకుండా అంటుకుని వేలాడితే అయిపోయినట్టు. అప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉల్లిపాయని ముందే వేయించి చల్లార్చితే నీళ్ళు ఊరవు. ఐదు నిమిషాలు పిసికావంటే రబ్బరులా వస్తుంది, అది నా పూచీ కాదు. పెనం మీద రెండు వైపులా కాల్చు, లోపల 71 డిగ్రీలు రావాలి, థర్మామీటర్ ఉండదు కదా నీ దగ్గర, ఒకటి మధ్యకు విరిచి చూడు, ఎరుపు ఎక్కడా కనిపించకూడదు. కాలిన తర్వాత పైన కరకర కావాలనిపిస్తే అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయి, నువ్వుల గురించి చెబుతాను.